మూడో పోటు

మంగళవారం పొద్దున ఆరింటికి
బంగాళాదుంపలు కడుగుతున్న రొసాల్బా
తొట్టి అంచు పట్టుకుని ఆగిపోయింది.
"అవెలీనో, బండి తియ్" అంది. అంతే.
కొళాయి నేనే కట్టేశాను.

కాస్ట్రో ఆసుపత్రిదాకా వాన.
మా చిలోయే దీవిలో వాన పడుతోందని ఎవరూ చెప్పుకోరు,
వెలిసిందని మాత్రం చెప్పుకుంటారు.

మంత్రసాని ఎదెల్మీరా చేతొడుగు విప్పుతూ
"రెండు వేళ్లు. ఇంకా చాలా ఉంది" అంది.
ఫోన్లో మా అమ్మ:
"పోటు మీద పుడతారురా పిల్లలు.
పదకొండింటికి నీళ్లు నిండుతాయి, చూడు."

చూశాను. గుంజల మీది ఇళ్ల కింద
నీళ్లు గచ్చు దాకా ఎక్కాయి.
పడవలు లేచి తలలూపాయి.
ఇక్కడ రెండు వేళ్లే.

నేను పడవలు కట్టేవాణ్ణి.
పలకని ఆవిరిపెట్టెలో పెట్టి
అంగుళం మందానికి గంట చొప్పున కాచుకుని కూచుంటాను.
తొందరపడితే పగులుతుంది,
ఆలస్యమైతే బిగుసుకుంటుంది.
ధైర్యం కోసం ఇదే ఆమెకి చెప్పబోయాను.
"నేను చెక్కని కాను" అంది పళ్లబిగువున,
"బయటికి పో. ఉల్లిపాయ కంపు కొడుతున్నావు."

నిజమే. నడవాలో ఒక ఎంపనాడా తిన్నాను.
ఆమె నోట్లో మంచుముక్క తప్ప ఏమీ పడని రోజున
నిలబడి, గబగబా, దొంగలా.
సబ్బుతో నాలుక తోముకుని తిరిగొచ్చాను.

వెన్ను నిమరమంది. నిమిరితే వద్దంది.
ఏదైనా మాట్లాడమంది.
మా షెడ్డులో ఉన్న మేకుల రకాలు చెప్పుకుంటూ పోయాను,
రాగివి, ఇత్తడివి,
నాన్న డబ్బాలో తుప్పు పట్టి మిగిలినవి.
తొమ్మిదో రకం దగ్గర నా చెయ్యి పట్టుకుంది.
దూలాలు మోసిన చెయ్యి అది,
ఎముకలు కటకటలాడాయి.
పోటు సముద్రంలోనే వస్తుందనుకున్నాను ఇన్నాళ్లూ.

రాత్రి తొమ్మిదికి ఇంకో జంట వచ్చింది.
అతను హెరిబెర్తో, సాల్మన్ పంజరాల దగ్గర మునుగుడుగాడు.
పదకొండున్నరకి రెండో పోటు నాచు వాసనతో వచ్చి
అతనికి కొడుకునిచ్చి పోయింది.
"మీదింకా కాలేదా?" అన్నాడు పాపం.
మంచివాడే. తన్నాలనిపించింది.

తెల్లారుజామున నాలుగింటికి
యంత్రం మీద అంకె నూట నలభై నుంచి
నూట పది, తొంభై,
డెబ్బై ఎనిమిది.
పరుగెత్తే చెప్పుల చప్పుడు.
ఆమెని పక్కకి తిప్పారు.
ఎవరో నన్ను గోడవైపు నెట్టారు.
గోడకి రంగు పెచ్చులూడిన చోట గొర్రె ఆకారం.
ఆ గొర్రెని చూస్తూ నేను ఎంచుకున్నాను.
ఎవరూ అడగలేదు నన్ను.
అడగకముందే ఎంచుకున్నాను,
ఆమెని.
అంకె మళ్లీ పైకొచ్చింది.
ఆ అర నిమిషం సంగతి
నా కూతురికి ఎన్నడూ చెప్పను.

బుధవారం మధ్యాహ్నం మూడో పోటు
నిండుగా వచ్చింది, నిండుగానే వెళ్లిపోయింది.
నాలుగూ ఇరవైకి,
పడవలన్నీ బురదలో ఒరిగి పడుకున్నాక,
రొసాల్బా నేనెప్పుడూ వినని గొంతు తీసింది.
అరుపు కాదది. కొత్త పడవని నీళ్లలోకి నెట్టేటప్పుడు
పదిమంది ఒక్కసారి పట్టే దమ్ము.
ఆ వెంటనే సన్నగా, కోపంగా
ఇంకో గొంతు.

నీలంగా, తడిగా, నుదురు ముడిచి ఉంది.
పేరింకా లేదు.
అమ్మ ఒప్పుకోలేదు:
"మీ ఆసుపత్రి గడియారం తప్పు."
రొసాల్బా కళ్లు తెరవకుండానే అడిగింది,
"ఆ ఉల్లిపాయది ఇంకోటి దొరుకుతుందా?"

రాత్రి బట్టల కోసం ఇంటికెళ్లాను.
తొట్టిలో బంగాళాదుంపలు అలాగే ఉన్నాయి.
మట్టి అడుక్కి దిగి నీళ్లు తేటబడ్డాయి.
దీపం వెయ్యకుండా, చొక్కా చేతులు మడిచి
మిగిలినవి కడిగాను.