ఎడమకాలి బూటు

మార్చి వచ్చినా సరస్సు మీద మంచు కరగలేదు.
కౌన్సిల్ హాలు బయట పదమూడు రోజులుగా ఒకటే అరుపు:
“మేయర్ దిగిపో!”
లోపల నేను మినిట్స్ టైపు చేస్తున్నాను.
నా ఉద్యోగమే అది, అరుపుకి కామా పెట్టడం.

వీడియో పద్నాలుగు నెలలు బీరువాలో పడుకుంది.
నిన్ననే చూశానంటాడు మేయర్ హాల్వర్సన్.
అంటూనే టై సర్దుకుంటాడు,
గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు.
టై సంగతి రాసే గడి మినిట్స్‌లో లేదు.

ఆరో వార్డు: రాజీనామా చెయ్యాల్సిందే.
తొమ్మిదో వార్డు: తుపాకీ పేల్చింది ఆయనా?
తిలాపాపం తలా పిడికెడు.
పిడికిళ్ళు లెక్కపెడితే నాదీ ఒకటి తేలుతుంది.
వీడియో బయటికి ఇవ్వొద్దన్న తీర్మానం
టైపు చేసింది ఈ వేళ్ళే,
ఒక్క అచ్చుతప్పు లేకుండా.

అప్పుడు లేచింది లవోనియా టిబ్స్, ట్రావియన్ తల్లి,
బస్ డిపో యూనిఫారంలోనే.
“ఈయన పోతే, వచ్చే ఆయన
అది నా హయాంలో జరగలేదంటాడు.
ఉంటే, విచారణ నడుస్తోందంటాడు.
మావాడి ఎడమకాలి బూటు మీ సాక్ష్యాల గదిలో ఉంది.
కుడిది నా మంచం కింద ఉంది.
ఆ రెండూ జతపడేదాకా
ఆ కుర్చీలోంచి ఆయన్ని లేవనివ్వకండి.”

మూడు నిమిషాలు అయిపోయాయని గంట మోగింది.

“పౌరురాలు మాట్లాడారు. సభ గమనించింది” అని కొట్టాను.
గమనించింది అన్న మాట చెరిపేశాను.

వరండాలో ఆమె వెనకాలే వెళ్ళి
బూటు సైజెంతని అడిగాను.
పదకొండు, అంది.
రెండు మెట్లు దిగి ఆగింది.
ఇంకా పెరిగే వయసు, అంది.