పాసింగ్

షార్జా సనయ్యలో మా గ్యారేజీ వెనక
తుప్పుపట్టిన ఇనప అర ఒకటి ఉండాది.
దాంట్లో పదిహేడు డబ్బాలు.
ఒక్కోదాని మీద సుద్దముక్కతో పేరు,
నా చేతిరాత, తెలుగులో.
ముసబ్బా. ఉబైద్. గడ్డం ఉబైద్. గానిమ్.
అర్బాబు చదవలేడు, తనిఖీకొచ్చేవాడూ చదవలేడు.
పదో తరగతి తప్పినోడి అక్షరాలు
అట్లా పనికొచ్చినాయి.

బండి కడుపు కింద, పొగ పోయే దోవలో
తేనెతుట్టె మాదిరి సన్నగళ్ళది ఒకటి
పెట్టి పంపిస్తారు కంపెనీవాళ్ళు.
విషం దాని దగ్గర ఆగిపోతాదంట.
కుర్రోళ్ళకేమో అది గొంతులో ఇరుక్కున్న చేపముల్లు.
"కోసెయ్ అబూ లైత్" అంటారు.
నా పేరు ఓబులేసు.
వాళ్ళ నోట్లో పడి అట్లా అయింది.
సింహానికి నాయన అని అర్థమంట,
అహోబిలం సామి వింటే ఏమంటాడో.
కోస్తాను. ఉత్త గొట్టం అతికిస్తాను.
నా అతుకు మీద చెయ్యి పెట్టి చూడు,
చీమలబారు పోయినట్టుంటాది,
ఒక్క చీమా వరస తప్పదు.

ముల్కియా గడువు దగ్గరపడితే మాత్రం
పెళ్ళికి అరువు నగ అడగనొచ్చినట్టు వస్తారు,
గొంతు తగ్గించి.
డబ్బా దించి, బూజు దులిపి, ఎవరిది వాళ్ళకి బిగిస్తాను.
తెల్లారి పాసింగుకి పోతాది బండి
కొత్తల్లుడి మాదిరి, దగ్గు కూడా అణుచుకొని.
గొట్టంలో పుల్ల పెడతారు, అంకె చూస్తారు, ముద్ర.
ఇషా నమాజు అయ్యేసరికి
డబ్బా మళ్ళీ అర మీద.

నన్నూ పంపిస్తారు పాసింగుకి, రెండేళ్ళకోసారి.
చొక్కా విప్పించి, చల్లటి పలకకి రొమ్ము ఆనించి
"ఊపిరి పట్టండి" అంటాది మలయాళీ సిస్టరు, హిందీలో.
పడతాను.
పన్నెండేళ్ళ పొగ కూడా నాతోపాటే
ఊపిరి బిగబట్టి నిలబడతాది లోపల,
దాగుడుమూతల్లో పిల్లోడి మాదిరి.
దించి బిగించుకుందామంటే
నాకు అర లేదు గదా.

అట్లాగని ఏడుస్తున్నా అనుకోవద్దు.
ఒకసారి గానిమ్ నన్ను పక్కన కూర్చోబెట్టుకొని
మలీహా రోడ్డెక్కినాడు, అర్ధరాత్రి దాటినాక.
తొక్కినాడు.
నేను అతికించిన గొట్టం నోరు తెరిచింది.
ఎక్కడో చీకట్లో ఒంటెలు లేచి నిలబడినాయి.
నా పళ్ళు జివ్వుమన్నాయి.
అబద్ధమెందుకు, నవ్వినా, గట్టిగా,
ఆ చప్పుడులో నా నవ్వు నాకే వినపడలా.
ఆ రాత్రికి నేను
సింహానికి నాయన్నే.

ఈ ఏడు కొత్త కాయితం వచ్చిందంటున్నారు.
పొగకి ఒక అంకె, చప్పుడుకి ఒక అంకె,
కోయించుకున్నోడికి జరిమానా,
కోసినోడికి విమానం టిక్కెట్టు.
అర్బాబు చదివి చెప్పి, అర వైపు ఒకసారి చూసి
ఫోనులో పడినాడు.
తప్పు రాసినారని నేననలేను.
మధ్యాహ్నం మూడింటికి సనయ్య మీద ఆకాశం రంగేందో
నా రుమాలుకి తెలుసు.

నిన్న గానిమ్ వచ్చినాడు.
"పెట్టెయ్. ఇంక తియ్యొద్దు."
ఎందుకో చెప్పలా, నేనడగలా.
నా చీమలబారు నేనే కోసినా,
ఇంకో బారు పోసినా.
డబ్బు లెక్కపెట్టకుండా చేతిలో పెట్టి,
ఎప్పుడూ కొట్టే హారను కొట్టకుండానే పోయినాడు.

ఇంతకుముందు వాడు ఏ సిగ్నలు దగ్గరున్నాడో
ఈడ కూర్చొని చెప్పేవాణ్ణి.
ఇప్పుడు మలుపు దాకా చెవి పెట్టి విన్నా,
ఉన్నాడో పోయినాడో తెలీలా.

బిగించేముందు వాడి పేరు
బొటనవేలితో తుడిచినా.
తెల్ల సుద్దే.
వేలికి మాత్రం నలుపంటింది.