సూది పడిపోతే

రావులపాలెంలో ఎత్తు అంటే
గౌతమి బ్రిడ్జి ఎక్కే ఆ నాలుగు ఫర్లాంగులే.
నా షెడ్డులో బాగైన రేడియేటర్లన్నీ
దానిమీదే పరీక్ష రాశాయి.
ఏదీ తప్పలేదు.

ఇక్కడ ఇంజను నిజం చెప్పదండి.
అరటిగెలల లారీ అయినా, పెళ్లిబస్సయినా
సూది మధ్యలో జారగిలబడి
భోజనమైన మావగారిలా కునుకుతుంది.

ఆ శనివారం ఇనప తాడు కట్టించుకుని వచ్చింది
పేర్రాజు గారి ఇల్లు.
ఇల్లే.
పాత స్కూలుబస్సులో రెండు మంచాలు, గ్యాసుపొయ్యి,
కిటికీలకి వెంకటగిరి చీర ముక్కలు,
నూనెడబ్బాలో కరివేపాకు మొక్క.
మారేడుమిల్లి ఘాటీలో ఏడో మలుపు దగ్గర
కక్కేసిందట.

"ఏ నీళ్లు పోశారండి?"
"మన కాలవ నీళ్లే, ఆయ్.
ముప్పై నాలుగేళ్లు లాకులమీదే కదా నా ఉద్యోగం,
ఆ నీళ్లని అనుమానిస్తానా?"

టంకం కరిగించి పైడబ్బా ఊడదీశాను.
గొట్టాల నిండా ఎర్రమట్టి,
వేలు పెడితే గోరింటాకులా పట్టుకుంది.
ఆషాఢం వరద.
ఎక్కడెక్కడి కొండలో కోసుకుని, మోసుకొచ్చి
మన చేలకింద పరిచిందే కదా గోదారి,
మనం కాలు మోపే నేలంతా
అలా దిగొచ్చిన కొండే.
దాన్ని చెంబుతో ముంచి, ఇంజనులో పోసుకుని
తిరిగి కొండెక్కిద్దామనుకున్నాడు పెద్దాయన.
ఒకసారి దిగొచ్చినదానికి
మళ్లీ ఎక్కబుద్ధి కాలేదేమో.

భూషణమ్మ గారు పెయింటుడబ్బా బోర్లించుకుని కూర్చుంది.
"సూది లేస్తోందండీ అన్నాను.
కొండ కదా, లేవదా అన్నారు.
కాసేపటికి టపీమని పడిపోయింది.
చూశావా, చల్లబడింది,
పైకెళ్లాక టీ పెడుదువుగాని అన్నారు."

చెప్పాను.
అద్దం వెనక సూదికి కళ్లు లేవండి,
లోపల దాని మొన నీళ్లలో మునిగుంటేనే
వేడి సంగతి తెలుస్తుంది.
నీళ్లన్నీ ఆవిరైపోతే గాలిలో వేలాడుతూ
ఏం పరవాలేదంటుంది.
లేచే సూదికి నెమ్మదించండి.
ఉన్నట్టుండి పడిన సూదికి
అక్కడికక్కడే ఆపెయ్యండి.

పేర్రాజు గారు చాలాసేపు బస్సు టైరు కేసి చూశారు.
"గేజీ రాత్రికి రాత్రి రెండడుగులు పడితే
కాలవ శాంతించిందనుకోం.
లాంతరు పట్టుకుని గట్టెమ్మట పరిగెడతాం,
గండి ఎక్కడ పడిందోనని.
ఎన్ని రాత్రులు పరిగెత్తానో."
ఆగారు.
"ఆ పక్కన కూర్చుని మీ అమ్మగారు చెప్తుంటే..."
మాట పూర్తి చెయ్యలేదు.
ఆవిడా పూర్తి చెయ్యమనలేదు.

ఎత్తు రాకముందే సెకండు గేరు వెయ్యమన్నాను,
బండి మూలిగేదాకా ఆగొద్దన్నాను.
ఆవిరొస్తుంటే మూత ముట్టొద్దని
ముడతపడ్డ నా మణికట్టు చూపించాను.
చెప్పానే గాని,
ఆ ఘాటీ నేనెప్పుడూ ఎక్కలేదు.
ఈ చెయ్యి కాలింది ఇక్కడే,
బల్లపరుపు నేలమీద,
సూది మధ్యలో ఉండగా.

ఆవిడ బస్సులోంచి పాత లాకు రిజిస్టరు తెచ్చింది, సగం ఖాళీ.
'ఎగువ మట్టం' కొట్టేసి 'సూది' అని రాసుకుంది,
'దిగువ మట్టం' కొట్టేసి 'మలుపు'.
"ఇదిగో బాబూ, ఈ 'రిమార్కులు' గడిలో ఏం రాయను?"
ఆలోచించాను.
"వాసన రాయండమ్మా.
సూది కంటే ముందు ముక్కుకే తెలుస్తుంది."

బేసిన్లో మిగిలిన ఎర్రమట్టిని
షెడ్డు వెనక అరటిపిలక మొదట్లో ఒంపాను.

సోమవారం పొద్దున్న బ్రిడ్జి ఎక్కుతుంటే
రోడ్డుమీదకొచ్చి నించున్నాను.
ఆ నాలుగు ఫర్లాంగులకే
ఆవిడ తల మూడుసార్లు వంగింది,
చేతిలో పెన్నుతో.