డెబ్బై గేట్ల కింద

సముద్రం లేని ఊళ్లో
దానికి బీచి అని పేరు పెట్టింది మల్లీశ్వరి.
ఆటోనగర్లో లారీలకు రంగులేసే కోటిలింగం
చీకటి పడ్డాక మాకు మల్లీశ్వరి.

బ్యారేజీ గేట్లన్నీ దించేసిన ఎండాకాలం
కింద కృష్ణ పాయలు పాయలుగా చీలిపోయి
మధ్యలో ఎవరి పట్టాలోనూ ఎక్కని ఇసుక తేలేది.
సర్వే నంబరు లేని ఆ తిన్నె
మా మొట్టమొదటి సొంతిల్లు.

అగ్గిపుల్ల గీసి మనుషుల్ని వెతుక్కునేవాళ్లం.
ఒక్కటి గీస్తే కొత్తవాడు
రెండు గీస్తే మనవాడు
ఎంతకీ గీయకుండా నిలబడ్డాడంటే పోలీసు.

శనివారం ఆఖరి ప్యాసింజరుకి గుంటూరు నించి
మిర్చియార్డు హమాలీ ఆదాము దిగేవాడు.
ఎన్ని సబ్బులరిగినా ఒంటి ఘాటు వదిలేది కాదు.
వాణ్ణి కావలించుకున్నదెవరో
తుమ్ములే పట్టిచ్చేవి.

నేను గవర్నరుపేటలో జాకెట్లు కుట్టేవాణ్ణి.
ఊళ్లో ఆడవాళ్ల పట్టుముక్కల మిగుళ్లన్నీ
పదకొండు రంగులు కలిపి
మల్లీశ్వరికో జాకెట్టు కుట్టాను.
కొలతలేం తీసుకోలేదు. కళ్లు చాలవూ?

నూనెడబ్బా మీద బాజీ దరువు.
కంపెనీ నాటకాల్లో స్త్రీవేషాలు కట్టిన సాంబయ్యగారు
తువ్వాలు పైటేసుకుని మాకు నడక నేర్పేవారు.
"ఇసకలో హంసనడక కుదరదర్రా,
కొంగనడక పట్టండి, పడితే నవ్వుతూ పడండి."
పడేవాళ్లం.
నవ్వు మాత్రం నోటికి గుడ్డ అడ్డంపెట్టుకుని.

పైన గేట్ల మీద లస్కరు మోజెస్.
నీళ్లొదిలే సైరనుకి ముందే
టార్చి మూడుసార్లు ఆర్పి వెలిగించేవాడు.
మేం గజ్జెలూ చెప్పులూ చంకన పెట్టుకుని
సీతానగరం వైపు కొందరు, కృష్ణలంక వైపు కొందరు.
సర్కారు మాకు చేసిన మేలు ఆ టార్చి ఒక్కటే,
అదీ సర్కారుకి తెలీకుండా.

మోజెస్ ఒకేసారి కిందికి దిగొచ్చాడు,
ఖాకీ చొక్కాకి గుండీ ఊడిందని.
కుట్టాను.
దారం పళ్లతో తెంపుతుంటే
అతని గుండె నా నుదుటికి కొట్టుకుంది.
అంతకన్నా చెప్పను.

తర్వాత ఆ జబ్బొచ్చింది.
ఒక్కో వేసవికీ దరువు చుట్టూ వలయం చిన్నదైంది.
గుంటూరు పెద్దాసుపత్రిలో ఆదాము మంచం పక్కన
నర్సమ్మ రిజిస్టరు తెరిచి
"పేషెంటుకి మీరేమవుతారు?" అనడిగింది.
ఎంత వెతికినా మాట దొరక్క
"టైలర్ని" అన్నాను.
ఆమె అలాగే రాసుకుంది.
చివరి రోజు దుప్పటి సర్దుతుంటే నాకు తుమ్మొచ్చింది.
నవ్వాడు.

పుష్కరాలకి ఘాట్లు కట్టారు, స్తంభాల మీద దీపాలు పెట్టారు,
రాత్రి అనేది నది నుంచి తప్పుకుంది.
ఆ వెనకే పొక్లెయిన్లు దిగాయి,
మా తిన్నెని లారీలకెత్తాయి.
అందులో రెండు లారీల తలుపుల మీద
మల్లీశ్వరి వేసిన నెమళ్లే ఉన్నాయి.
ఇవాళ ఏ అపార్టుమెంటులో ఎవరి పడగ్గది గోడలోనో
సిమెంటుతో కలిసి మా అడుగులున్నాయి.
మేకు దిగకపోతే వాళ్లు మేస్త్రీని తిడతారు.

మనం నేరస్తులం కాదని ఢిల్లీలో తీర్పొచ్చిందని
బాజీ పేపరు పట్టుకుని వచ్చాడు.
శుక్లం తీయించుకుని పచ్చ గుడ్డ కట్టుకున్న మల్లీశ్వరి
మొత్తం విని
"మరి తిన్న లాఠీదెబ్బలు తిరిగిస్తారా?" అంది.
టీలు నేనే తెప్పించాను.

నిరుడు వరదకి సైరను మోగింది.
కృష్ణలంక డాబా మీద ఉన్నాను, పొడిగా, అరవై ఎనిమిదేళ్ల వాణ్ణి.
చెయ్యి దానంతటది
లుంగీ మోకాళ్ల పైకి ఎగ్గట్టింది.
ఇంకో చెయ్యి చీకట్లోకి చాచి
లెక్కపెడుతోంది,
అందరూ ఒడ్డుకొచ్చారా అని.