జిగురు

నా మొగుడు ఫ్రంటుకి పోతూ నాకు వదిలినవి
ఒక బకెట్టు, ఒక కుంచె,
కాసెల్ ఊళ్ళో పద్నాలుగు ప్రకటన స్తంభాలు.
నిచ్చెన పని ఆడదానికి కుదరదన్నాడు మునిసిపల్ గుమాస్తా.
కుదిరే మగాణ్ణి ఒక్కణ్ణి చూపించమన్నాను.
ఒటీలీ, అని పేరు రాసుకుని
తల ఎత్తకుండానే సంతకం చేయించుకున్నాడు.

గోడలకు చెవులుంటాయంటారు.
నేను వాటికి నోళ్ళు అతికించాను.

మొదట అవి బంగారం అడిగాయి.
ఉంగరం ఇస్తే బదులు ఇనపది ఇచ్చారు,
చలికాలం వేలిని కరిచేది.
తర్వాత రాగి బాండీలు. తర్వాత చర్చి గంట.
ఆ తర్వాత పళ్ళ గింజలు, నూనె తియ్యడానికట.
చెర్రీ తిని ఎన్నాళ్ళయిందని మాత్రం
ఆ బొమ్మలో బుట్ట పట్టుకున్న పిల్ల అడగలేదు.

చివరికి జుట్టు.
మిషన్ల బెల్టులకి ఆడవాళ్ళ జుట్టు కావాలి.
మా పై అంతస్తు రోస్విత, పదమూడేళ్ళది,
నిచ్చెన కింద నిలబడి చదివింది
బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు, గట్టిగా.
మర్నాడు టోపీతో ఎదురొచ్చింది.
నేనేమీ అడగలేదు.
స్తంభం మీది అమ్మాయికి మాత్రం
జడ నడుము దాటి వేలాడుతూనే ఉంది.

పిండి కొద్దీ రొట్టె.
మొదటి ఏడు జిగురు రై పిండితోనే ఉడికించేదాన్ని.
కాగితం ఆరేలోగా ఒక గోధుమరంగు కుక్క
అంచులు నాకిపోయేది, తిట్టేదాన్ని.
మూడో ఏటికి ఎముకల జిగురిచ్చారు.
అప్పటికి కుక్క లేదు.

ఊరు చిక్కిపోయింది, స్తంభాలు లావెక్కాయి.
పొర మీద పొర.
గోరుతో గీరితే వేలు రెండో కణుపు దాకా దిగేది.

మార్చిలో ఒక రాత్రంతా వాన.
తెల్లారి స్టేషను దగ్గరికి వెళ్ళేసరికి
నాలుగేళ్ళ అడుగులాట మొత్తం ఊడి
తడి పరుపులా బురదలో పడి ఉంది.
అడుగున ఒకటి మిగిలింది, నీలం వెలిసినది:
ఫుల్డా నది మీద పడవ షికారు,
కాఫీ, కేకు, పిల్లలకు సగం టికెట్టు,
ఆగస్టు రెండు, ఆదివారం.
ఆ ఆదివారం పడవ కదల్లేదు.
రైళ్ళే కదిలాయి.

ఎడమ మూల మూడు కుంచె దెబ్బలు అడ్డంగా.
రైన్‌హోల్ట్ అలవాటు అది.
గాలి ముందు ఆ మూలే పట్టుకుంటుందనేవాడు.

రొట్టెల క్యూ మెల్లగా ఇటు తిరిగింది.
ఎవరూ మాట్లాడలేదు.
చేతికర్ర ముసలాయన ఒకడు
"పడవ ఎన్నింటికి?" అన్నాడు.
నవ్వాలనే అన్నాడేమో. ఎవరూ నవ్వలేదు.

నా సంచిలో కొత్త కట్ట ఉంది:
ఎనిమిదో యుద్ధ రుణం, ఇనప చెయ్యి, పెద్ద అక్షరాలు.
ఆఫీసుకెళ్ళి జిగురు విరిగిపోయిందని చెప్పాను.
ఎప్పటికవుతుందన్నాడు గుమాస్తా.
రేపటికి, అన్నాను.

ఇంట్లో పొయ్యి పక్కన బకెట్టు నిండా జిగురు
పొద్దున్నే కాచింది,
మీగడ కడుతోంది.