సందు గాలి

ప్రతి నెలా పదో తారీకులోపు
బోరబండ గుట్ట ఎక్కుతాను,
మెడలో బిల్లు మిషను, చంకలో నీళ్ల సీసా.
మూడువందల పద్నాలుగు మీటర్లు నా లెక్కలో.
ఏ ఇంట్లో ఫ్రిజ్ కొన్నారో
ఏ బాలింత గదిలో కూలర్ పెట్టారో
మనుషులకన్నా ముందు అంకెలు చెబుతాయి నాకు.

సైట్ త్రీలో రెండు బిల్డింగులున్నాయి
ఒకదాన్నొకటి నమ్మనట్టు నిలబడి.
నడుమ రెండు మూరల సందు.
అందులో ఎండ పడదు, చీపురు పడదు,
గాలి మాత్రం పడుతుంది
గేటు దూకిన దొంగలా, ఒక్క ఉరుకున.
ఏడేళ్లుగా అక్కడ నా బిల్లు కాగితాలు
ఎగిరిపోతూనే ఉన్నాయి.

ఆ సందు పైన, పిట్టగోడ మీద
సత్తార్ మియా ఒక డ్రమ్ము నిలబెట్టాడు.
జీడిమెట్ల నుంచి వచ్చిన నీలం డ్రమ్ము.
నిలువునా రెండుగా కోసి
ఎదురెదురు దోసిళ్లను కాస్త పక్కకు జరిపినట్టు
కడ్డీకి బిగించాడు.
కింద లూనా చక్రం బేరింగు.
ఆ కింద పాత సీలింగ్ ఫ్యాను మోటారు,
రెక్కలు పీకేసి, లోపల అయస్కాంతాలు అతికించి.

ముప్పై ఆరేళ్లు ఫ్యాన్లకు వైండింగ్ కట్టిన చెయ్యి అది.
"ఇన్నాళ్లు కరెంటు పోసి గాలి తీసిన సార్,
గిప్పుడు గాలి పోసి కరెంటు తీస్తున్న.
ఫ్యాను గదే. ఉల్టా తిరిగింది నేను."

ఊళ్ల బయట కొండల మీద
మూడు రెక్కల తెల్ల మరలు చూశాను, బస్సు కిటికీలోంచి.
వాటికి తిన్నగా నడిచొచ్చే గాలి కావాలి.
ఇక్కడి గాలి అలాంటిది కాదు.
వాటర్ ట్యాంకుకు గుద్దుకుని
ఆరేసిన చీరల్లో దారి తప్పి
సెల్ టవర్‌ను తిట్టుకుంటూ
ఎటు నుంచి వస్తుందో దానికే తెలీదు.
డ్రమ్ముకు ఆ పట్టింపు లేదు.
ఎటు కొట్టినా తిరుగుతుంది.
తిరిగినప్పుడు మాత్రం
అర్ధరాత్రి ఎవరో పప్పు రుబ్బుతున్న చప్పుడు.

ఆ చప్పుడుకే పై అంతస్తు పోశవ్వ రెండుసార్లు కొట్లాడింది.
ఏప్రిల్ గాలిదుమారంలో ఒక దోసిలి ఊడి
చికెన్ సెంటర్ రేకుల మీద పడింది.
ఎవరికీ తగల్లేదు. కోళ్లు అరిచాయట.
మూడు వారాలు సత్తార్ పైకి ఎక్కలేదు.
తర్వాత బోల్టులు మార్చాడు,
బేరింగు కింద టైరు ముక్క వేశాడు,
చుట్టూ ఇనుప జాలీ కట్టాడు.
నిచ్చెన పట్టుకున్నది పోశవ్వ కొడుకు.

"ఎన్ని యూనిట్లు వస్తయి?" అన్నాను, అలవాటు కొద్దీ.
"యూనిట్ అంటే మస్తు పెద్ద మాట సార్.
మెట్ల మీద నాలుగు బల్బులు.
గాలి మంచిగుంటే ఒక ఫోను."

మే నెలలో అదీ లేదు.
డ్రమ్ము కదలక, ఒక పావురం దాని ఒళ్లో పుల్లలు పేర్చింది.
సత్తారే దాన్ని తాడుతో కట్టేశాడు.
పిల్లలు ఎగిరాకే ముడి విప్పాడు.

జూన్ చివర్లో, వాన రాత్రి, ఫీడరు ట్రిప్పయింది.
నాకు ఫోన్ల మీద ఫోన్లు.
లైన్‌మన్‌ని కానన్నా వినరు, వెళ్లాను.
గుట్టంతా మసిబొగ్గు.
ఆ సందు పక్క మెట్ల మీద మాత్రం
నాలుగు అంతస్తులకు నాలుగు బల్బులు
గాలి ఊపిరికి పెరుగుతూ, తగ్గుతూ.
పోశవ్వ నీళ్ల బిందెతో ఎక్కుతోంది,
చూపు మెట్టు మీద, తిట్టు పైకి:
"రుబ్బు, ఇంకా రుబ్బు!"

మళ్లీ నెల బిల్లు కొడుతూ మిషన్‌లో వెతికాను.
ఇల్లుంది, దుకాణముంది, సోలార్ కూడా ఉంది.
దీనికి గడి లేదు.
కాగితం వెనక పెన్నుతో ఏదో రాయబోయాను,
సందు లాక్కుపోయింది.