ఐదు నిమిషాలు

డలూత్‌లో మంచు మోకాలి దాకా.
పాత లాండ్రీ కొట్టే ఇప్పుడు సాహిత్య కేంద్రం.
ముప్పై కుర్చీలు వేసింది మార్నా.
వచ్చింది నలుగురు,
అందులో ఒకాయన హీటరు కోసం.

మైకు ముందు సోల్వెగ్,
ఎనభై ఒకటో ఏట మొదటి కవిత.
వణుకుతున్నది కాగితమో చెయ్యో తేలదు.
గుడ్లుడికించే టైమరు
బల్లమీద పళ్ళు కొరుకుతోంది.

తలుపు తోసుకొచ్చాడు మంచుబండి డ్రైవరు:
"ఆ నీలం కారెవరిది? తియ్యండి, దారికడ్డం!"

కారు సోల్వెగ్‌దే.
ఆమె ఆగలేదు.
చెల్లెలి స్కేట్ల దగ్గరుంది,
ఎడమకాలిది ఎప్పుడూ వదులేనట,
ఆ రోజు కూడానట.

టైమరు గణగణలాడింది.
అతనే వంగి దాని నోరు నొక్కాడు.
"కానివ్వండమ్మా."

బయట బండి పసుపు దీపం
గోడమీద తిరుగుతూనే ఉంది.
బూట్ల మంచు కరిగి
ఐదో కుర్చీ కింద మడుగు కట్టింది.

మార్నా తుడవలేదు.